అర చుట్టు తిరిగే స్క్రూ

నాన్న తీసిన వీడియో టేపులు మొత్తం 38. అన్నీ మినీ డీవీ అనే చిన్న డిజిటల్ క్యాసెట్లు, ఒక్కోటి గంట. నేనూ చెల్లీ బడికి వెళ్ళే రోజుల్లో మొదలుపెట్టి, చెల్లి కాలేజీ చదువు అయిపోయేదాకా ఆయన ఆ కెమెరాని పక్కన పెట్టలేదు. ఇప్పుడు ఆయనకు 74 ఏళ్ళు. కెమెరా ఎప్పుడో పాడైపోయింది కానీ టేపులు మాత్రం ఒక అట్టపెట్టెలో వరసగా, ఒక్కోదాని మీదా ఆయన చేత్తో రాసిన తేదీతో భద్రంగా ఉన్నాయి. చెల్లి పట్టుబట్టి, పనిచేసే కెమెరా ఒకటి, ఆ కెమెరా తీగ తగిలించే ఫైర్‌వైర్ అనే సాకెట్ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి అరువు తెచ్చి అన్నిటినీ హార్డ్ డిస్కులోకి ఎక్కించింది. గంట టేపు సుమారు 13 జీబీ వస్తుంది. అన్నీ కలిపితే దాదాపు అర టెరాబైటు.

అక్కడి నుంచి పని నాది. ఆ ఫైళ్ళను ఫోన్లోనూ టీవీలోనూ హాయిగా చూసుకునేలా మార్చాలి. పాత కెమెరాల్లో ఒక్కో ఫ్రేమూ రెండు సగాలుగా రికార్డవుతుంది: సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఇంకోసారి. ఇప్పటి తెర మీద అలాగే వేస్తే పరిగెత్తే పిల్లల అంచులన్నీ దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి. ఆ రెండు సగాల నుంచీ నిండు ఫ్రేములు కట్టి, తరువాత హెచ్264 అనే వీడియో రూపంలోకి కుదించాలి. కుదించడమైతే గ్రాఫిక్స్ చిప్‌తో కూడా చేయించవచ్చు. కానీ ఉన్నంతలో మంచి నాణ్యత కావాలంటే ప్రాసెసర్ చేతే, నింపాదిగా చేయించాలి. ఇది ఒకసారే చేసే పని కాబట్టి నాణ్యత దగ్గర రాజీ పడదలచుకోలేదు.

నా లాప్‌టాప్ 2012 చివర్లో కొన్నది. అందులోని ప్రాసెసర్ ఇంటెల్ కోర్ ఐ3-3110ఎం. రెండు కోర్లు, 2.4 గిగాహెర్ట్జ్. అవసరానికి వేగం పెంచుకునే టర్బో లేదు, అంటే ఎంత అవసరమొచ్చినా ఆ 2.4 దాటి ఒక్క అడుగు ముందుకు వేయదు. మొదటి టేపు మార్చడానికి అయిదు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. నాన్న మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి "ఎంతవరకు వచ్చిందిరా?" అని అడిగి వెళ్ళారు. 38 టేపులకు లెక్కేస్తే రెండు వందల గంటల పైమాటే.

"కొత్తది కొనుక్కోవచ్చుగా అన్నయ్యా" అంది చెల్లి. కొనుక్కోవచ్చు. కానీ ఈ లాప్‌టాప్‌కి అప్పటికే ఎస్ఎస్‌డీ వేశాను, ర్యామ్ 16 జీబీ చేశాను. విండోస్ బదులు వేసుకున్న లినక్స్ మింట్ మీద చక్కగా నడుస్తోంది. కీబోర్డు మీద నా వేళ్ళు చూడకుండానే నడుస్తాయి. వెనకబడింది ఒక్క ప్రాసెసర్ దగ్గరే. ఆ ఒక్కటీ మార్చడం కుదిరితే తక్కినదంతా ఎందుకు వదులుకోవాలి?

లాప్‌టాప్‌లో ప్రాసెసర్ మారదు అని చాలామంది అంటారు. ఇప్పటి లాప్‌టాప్‌ల వరకు అది నిజం. ఒకప్పుడు కాదు. డెస్క్‌టాప్‌లో లాగే లాప్‌టాప్‌లో కూడా సాకెట్ ఉండేది, చిప్ అడుగున పిన్నులుండేవి, ఒక స్క్రూ తిప్పితే చిప్ చేతికొచ్చేది. ఇంటెల్ రెండో తరం, మూడో తరం కోర్ ప్రాసెసర్లకు వాడిన ఆ సాకెట్ పేరు ఆర్‌పీజీఏ 988బీ, దాన్నే జీ2 అని కూడా అంటారు. నాలుగో తరానికి జీ3 వచ్చింది. అదే ఆఖరు. అయిదో తరం నుంచి లాప్‌టాప్ కోసం చేసిన ఇంటెల్ చిప్‌లన్నీ బోర్డుకి సోల్డర్ చేసినవే.

ఇందులో ఒక చిక్కుంది, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. నాది ఐ3-3110ఎం అని చెప్పాను కదా. అదే పేరుతో ఇంటెల్ రెండు రకాల చిప్‌లు చేసింది. ఒకటి పిన్నులున్నది, సాకెట్లో కూర్చునేది. రెండోది అడుగున సోల్డర్ గుండ్లున్నది, బోర్డుకి అతికేది. బయట అంటించిన స్టిక్కర్ చూసినా, సిస్టమ్ వివరాల్లో పేరు చూసినా తేడా తెలియదు. విండోస్‌లో సీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ తెరిస్తే ప్యాకేజ్ అన్న చోట 988బీ ఆర్‌పీజీఏ అని చూపిస్తుంది. లినక్స్‌లో డీఎంఐడీకోడ్ కమాండ్ అదే మాట చెబుతుంది. ఆ రెండిటి కన్నా నమ్మకమైనది మూత తీసి కళ్ళారా చూసుకోవడం. నేను మూడూ చేశాను. కంపెనీ వాళ్ళ సర్వీస్ మాన్యువల్ కూడా దొరికింది. అందులో నా మోడల్‌కి ఏయే ప్రాసెసర్లు పనికొస్తాయో పట్టికే ఉంది. ఇలాంటి పని చేయాలనుకునే వాళ్ళు ముందుగా వెతకాల్సింది ఆ మాన్యువల్ కోసమే. ఎంత వెతికినా దొరకకపోతే కొంచెం ఆగి ఆలోచించుకోవడం మంచిది.

సాకెట్ తరువాత చూడాల్సింది చిప్‌సెట్, అంటే ప్రాసెసర్‌ని బోర్డు మీది తక్కిన భాగాలతో కలిపే చిప్. నాది హెచ్‌ఎం76, ఇబ్బంది లేదు. దాని పక్కనే హెచ్‌ఎం70 అని ఒకటి ఉంది. ఇంటెల్ దాన్ని సెలెరాన్, పెంటియమ్ చిప్‌లకే పరిమితం చేసింది. సాకెట్ ఒకటే కాబట్టి అందులో ఐ5 చక్కగా కూర్చుంటుంది, కంప్యూటర్ ఆన్ అవుతుంది, అన్నీ పనిచేస్తాయి, సరిగ్గా అరగంటకు ఆగిపోతుంది. మళ్ళీ ఆన్ చేస్తే మళ్ళీ అరగంట. వేడి వల్లేమో అనుకుని, చిప్ వేడిని పైనున్న రాగి పలకకు అందించే పేస్ట్ మారుస్తూ, ఫ్యాన్ మారుస్తూ రోజులు పోగొట్టుకుంటారు. ఏ చిప్‌సెట్టో లినక్స్‌లో ఎల్ఎస్‌పీసీఐ అన్న ఒక్క మాట కొడితే తెలిసిపోతుంది.

ఇక ఏ ప్రాసెసర్ వేయాలి? అందరి చూపూ ముందు ఐ7-3630క్యూఎం మీదికే పోతుంది. నాలుగు కోర్లు, 2.4 నుంచి 3.4 గిగాహెర్ట్జ్ దాకా. కానీ అది 45 వాట్ల చిప్. నా ఐ3 35 వాట్లది. లాప్‌టాప్‌లోని రాగి గొట్టం, రేకులు, ఫ్యాన్ అన్నీ ఆ 35 వాట్ల వేడిని బయటికి తోయడానికి కొలిచి పెట్టినవి. అందులో 45 వాట్ల చిప్ పెడితే కాసేపు పరిగెత్తి, వేడెక్కి, తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. అదే తరంలో ఐ7-3632క్యూఎం అని ఇంకొకటి ఉంది. అదీ నాలుగు కోర్లే, ఒక్కో కోర్ రెండు పనుల వరసలు నడుపుతుంది కాబట్టి ఎనిమిది థ్రెడ్లే, చిప్‌లోపలి చిన్న జ్ఞాపకం, క్యాష్, కూడా 6 ఎంబీయే. వేగం 2.2 నుంచి 3.2 వరకు. కానీ 35 వాట్లు. సర్వీస్ మాన్యువల్ పట్టికలో కూడా 35 వాట్ల నాలుగు కోర్ల చిప్‌లే ఉన్నాయి, 45 వాట్లవి లేవు. కాగితం మీద 0.2 గిగాహెర్ట్జ్ తక్కువని కొందరు దీన్ని చిన్నచూపు చూస్తారు. లాప్‌టాప్‌లో ప్రాసెసర్‌ని ఎంచుకోవాల్సింది వేడిని బట్టి. వేగం సంగతి ఆ తరువాత. నేను ఖాయంగా చెప్పగలిగిన మాట ఇదొక్కటే.

ఈ చిప్‌లు ఇప్పుడు కొత్తవి తయారు కావు. పాత యంత్రాల్లోంచి తీసినవే దొరుకుతాయి. కొనేటప్పుడు చిప్ పైన ఎస్ఆర్‌తో మొదలయ్యే అయిదక్షరాల కోడ్ కనబడేలా ఒక ఫొటో, అడుగున పిన్నులు కనబడేలా ఇంకో ఫొటో అడగండి. ఎస్ఆర్ కోడ్ బదులు క్యూతో మొదలయ్యే కోడ్ ఉంటే అది అమ్మకానికి ముందు పరీక్షల కోసం చేసిన నమూనా చిప్, దాని జోలికి పోవద్దు. నేను రెండు ఫొటోలూ చూసే కొన్నాను. పిన్నులు ఫొటోలో నిటారుగానే ఉన్నాయి. పంపినాయన మాత్రం కింద గట్టి అట్టయినా పెట్టకుండా, బుడగల కవరులో చుట్టి పంపేశాడు. విప్పి చూసేసరికి ఒక మూల మూడు పిన్నులు వంగి ఉన్నాయి. నిజంగా కడుపు తరుక్కుపోయింది. 988 పిన్నుల్లో ఏ ఒక్కటి విరిగినా చిప్ పనికిరాకపోవచ్చు. తిప్పి పంపిద్దామంటే దారిలో ఇంకో నాలుగు వంగుతాయేమోనని భయం.

నాన్న పేపరు చదవడానికి వాడే భూతద్దం తెచ్చారు. టేబుల్ లైటు కింద చిప్‌ని వెల్లకిలా పెట్టి, భూతద్దం ఆయన పట్టుకున్నారు. నేను 0.5 లెడ్ పెన్సిల్ తీసుకుని లెడ్ మొత్తం తీసేశాను. ఆ పెన్సిల్ మొనకుండే సన్నటి లోహపు గొట్టం వంగిన పిన్ను మీదికి తొడుగులా సరిపోతుంది. గొట్టంలోకి పిన్ను దూరాక వెంట్రుకంత, వెంట్రుకంత ఎత్తాలి. ఒకేసారి నిటారుగా లేపబోతే మొదలు దగ్గర పుటుక్కున విరుగుతుంది. కొంచెం ఎత్తడం, గొట్టం తీయడం, పక్క వరసతో పోల్చి చూడడం, మళ్ళీ తొడగడం. మొదటి రెండు పిన్నులూ త్వరగానే దారికొచ్చాయి. మూడోది పక్కకు కూడా వాలింది, గొట్టం దూరడానికి సందు లేదు. కుట్టుసూది మొనతో మెల్లగా ఇవతలికి జరిపి, అప్పుడు పెన్సిల్ తొడిగాను. "తొందరపడకురా, నా చెయ్యి నొప్పెట్టడం లేదు" అన్నారు నాన్న. ఆయన చెయ్యి అరగంట పాటు కదలలేదు. ఇన్నేళ్ళు కెమెరా పట్టిన చెయ్యి కదా అనిపించింది. చివరికి చిప్‌ని కంటి ఎత్తుకు తెచ్చి నాలుగు పక్కల నుంచీ చూస్తే వరసలన్నీ నాటు వేసిన మడిలా తిన్నగా కనిపించాయి.

లాప్‌టాప్ విప్పే ముందు ఇంట్లో కూర్చునే చేయాల్సిన పని ఒకటుంది: బయాస్ అప్‌డేట్. కంప్యూటర్ ఆన్ కాగానే అన్నిటికన్నా ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్ బయాస్. పాత ప్రాసెసర్ ఉండగానే, ఛార్జర్, బ్యాటరీ రెండూ తగిలించి ఉండగానే చేసేయాలి. కొత్త చిప్ గురించి బయాస్‌కి తెలియకపోతే అది వేశాక తెరే వెలగదు. అప్పుడు అప్‌డేట్ చేద్దామన్నా దారి ఉండదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అవుతుంది.

ఆ తరువాత నేను వెంటనే చిప్ మార్చలేదు. ముందు పాత ఐ3నే ఉంచి, ఫ్యాన్ శుభ్రం చేసి, పేస్ట్ మార్చి చూశాను. ఈ పని చేసినందుకు చాలా సంతోషించాను. బ్యాటరీ తీసి, పవర్ బటన్‌ని పదిహేను సెకన్లు నొక్కి ఉంచి మిగిలిన కరెంటు పోగొట్టి, అడుగు మూత తీశాను. పైకి చూస్తే ఫ్యాన్ శుభ్రంగానే ఉంది. ఫ్యాన్ విప్పదీసి రేకుల వైపు చూస్తే తెలిసింది: ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య దుమ్ము పేరుకుని ఉన్ని గుడ్డలా ఒక పొర కట్టింది. పట్టకారుతో పట్టి లాగితే ముక్కలు కాకుండా మొత్తం ఒకే పట్టీలా ఊడి వచ్చింది. ఇన్నేళ్ళూ గాలి ఆ గుడ్డలోంచి దూరి పోవాల్సి వచ్చిందన్నమాట. పాత పేస్ట్ ఎండిపోయి సున్నపు పెచ్చులా ఉంది. శుభ్రం చేయక ముందు వీడియో మారుస్తుంటే ఐ3 వేడి 91 డిగ్రీలుండేది. చేశాక 72. ఏ చిప్పూ మార్చకుండానే 19 డిగ్రీలు తగ్గింది. ఈ అంకె చేతిలో ఉంటే కొత్త చిప్ వేశాక వచ్చే అంకెకు అర్థం ఉంటుంది.

రెండు రోజుల తరువాత అసలు పని పెట్టుకున్నాం. చేతులతో ముందు ఒక లోహపు వస్తువు ముట్టుకుని ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు పోగొట్టాను. చిప్ వేడిని లాగే రాగి పలక, గొట్టం ఉన్న హీట్‌సింక్ మీద నాలుగు స్క్రూల పక్కనా 1, 2, 3, 4 అని అచ్చు వేసి ఉంటుంది. విప్పేటప్పుడు 4 నుంచి 1కి, బిగించేటప్పుడు 1 నుంచి 4కి. ఒక్కోదాన్నీ ఒకేసారి పూర్తిగా విప్పకుండా తలా కొంచెం చొప్పున విప్పాలి. లాప్‌టాప్ చిప్ మీద డెస్క్‌టాప్ చిప్‌కి ఉండే లోహపు టోపీ ఉండదు. సిలికాన్ అద్దంలా నగ్నంగా ఉంటుంది. హీట్‌సింక్ ఒక పక్కకు ఒరిగి దాని అంచు మీద బరువు పడితే మూల పెచ్చు లేచిపోతుంది.

హీట్‌సింక్ పైకి లేచాక సాకెట్ కనిపించింది. చిప్ పక్కన చదునైన తలతో ఒకే ఒక్క స్క్రూ. దానికి అటూ ఇటూ చిన్న తాళం బొమ్మలు: ఒకటి వేసినది, ఒకటి తీసినది. ఈ స్క్రూ ఊడి బయటికి రాదు, అర చుట్టు మాత్రమే తిరుగుతుంది. తిప్పాను. చిప్ ఒక పక్కకు వెంట్రుకవాసి జరిగింది, అంతే. పిన్నుల మీద పట్టు వదిలిపోయింది. రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని ఎత్తితే పువ్వు కోసినంత తేలిగ్గా చేతిలోకి వచ్చింది. ఇన్నేళ్ళు నా ప్రతి ఉత్తరం, ప్రతి లెక్క, ప్రతి ఫొటో నడిపిన చిప్. గోరంత సిలికాన్, దాని చుట్టూ పచ్చటి పలక. నాన్న అడిగి తీసుకుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.

కొత్త చిప్‌కి ఒక మూల బంగారు రంగు త్రికోణం గుర్తు ఉంటుంది, సాకెట్‌కీ అదే మూల గుర్తు ఉంటుంది. రెండూ కలిపి పెడితే చిప్ తన బరువుతోనే దిగిపోవాలి. వేలితో నొక్కాల్సి వస్తే ఏదో తేడా ఉన్నట్టే. మా సరిచేసిన మూల దిగుతుందా లేదా అని ఊపిరి బిగబట్టి వదిలాను. దిగింది. నాలుగు అంచులూ సాకెట్‌కి సమంగా ఆనాయి. స్క్రూ అర చుట్టు వెనక్కి తిప్పాను. చివర్లో కొంచెం బిగువుగా ఉంటుంది, అది మామూలే. పేస్ట్ అగ్గిపుల్ల తలలో సగమంత వేసి, పలచగా పరిచి, హీట్‌సింక్ పెట్టి, ఫ్యాన్ తీగ తగిలించి, మూత పెట్టకుండానే పవర్ బటన్ నొక్కాను.

తెర నల్లగానే ఉంది. ఫ్యాన్ తిరిగింది, ఆగింది. మొత్తం ఆగిపోయింది. గుండె గుభేలుమంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందా అనుకున్నాను. రెండు సెకన్లకు తనంతట తనే మళ్ళీ ఆన్ అయింది, మళ్ళీ ఆగింది. మూడోసారి, నేను గడియారం చూస్తూనే ఉన్నాను, దాదాపు నలభై సెకన్ల తరువాత కంపెనీ గుర్తు వచ్చింది. బయాస్ కొత్త చిప్‌ని గుర్తుపట్టి తన అమరికలు మళ్ళీ సరిచేసుకోవడానికి అంతసేపు పట్టింది. మొదటిసారి ఇలా జరిగితే వెంటనే బ్యాటరీ పీకేయకండి, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. ఇప్పుడు మామూలుగానే ఆన్ అవుతోంది.

లినక్స్ ఏ డ్రైవరూ అడగలేదు, ఏ సెట్టింగూ మార్చమనలేదు. సిస్టమ్ మానిటర్‌లో థ్రెడ్‌కి ఒకటి చొప్పున ఇంతకుముందున్న నాలుగు గీతల చోట ఎనిమిది గీతలు కనబడ్డాయి. వెంటనే ఒక టేపు పెట్టాను. మూడు నిమిషాల్లో వేడి 97 డిగ్రీలు. ఈ చిప్ హద్దు 105, కానీ గంటల తరబడి నడిచే పనికి 97 నాకు నచ్చలేదు. ఐ3కి 72 వచ్చిన చోట, అవే 35 వాట్లకు 97 ఎలా వస్తుంది? టర్బోలో కాసేపు 35 దాటి వాడుకుంటుంది నిజమే, అయినా 25 డిగ్రీల తేడా రాదు. ఇక్కడే ముందు కొలిచిన అంకె అక్కరకొచ్చింది.

మళ్ళీ విప్పాను. హీట్‌సింక్ ఎత్తి రాగి పలక మీద పడిన పేస్ట్ ముద్ర చూశాను. చిప్ ఆకారం మొత్తం పలక మీద సమంగా అచ్చు పడాలి. మూడు వైపులా పలచగా, బూడిద రంగులో బాగానే పడింది. నాలుగో మూల దగ్గర మాత్రం పేస్ట్ మందంగా, మెత్తగా, వేసింది వేసినట్టే ఉంది. అక్కడ రాగి ఆనలేదు. తప్పు నాదే. ఆత్రంలో మొదటి స్క్రూని చివరిదాకా బిగించేసి తరువాత రెండోదానికి వెళ్ళాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మళ్ళీ పేస్ట్ వేసి, ఈసారి నాలుగు స్క్రూలూ తలా రెండు చుట్ల చొప్పున వంతులవారీగా బిగించాను. వేడి 84 దగ్గర నిలిచింది.

అయిదు గంటల ఇరవై నిమిషాలు పట్టిన టేపు రెండు గంటల పదిహేను నిమిషాల్లో అయింది. రాత్రిపూట ఫ్యాన్ చప్పుడు లేకుండా ఉండాలంటే ఇంకో పద్ధతి కనిపెట్టుకున్నాను. లినక్స్‌లో ఇంటెల్ పీస్టేట్ అనే చోట నో టర్బో అన్న ఫైలులో 1 అని రాస్తే చిప్ 2.2 గిగాహెర్ట్జ్ దాటదు. అప్పుడు టేపుకి మూడు గంటలకు కాస్త తక్కువ పడుతుంది కానీ వేడి 70కి దిగుతుంది, ఫ్యాన్ పక్క గదిలోకి వినబడదు. వేగం పెంచాలంటే చిప్‌కి వోల్టేజీ కూడా పెంచాలి. కరెంటు ఖర్చు ఆ వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే పైనున్న ఆ చివరి కొద్దిపాటి వేగానికే వేడి అంత ఎక్కువ. నాన్న నిద్రపోయాక నేను టర్బో ఆపేస్తాను.

నేను అనుకోని లాభం ఒకటి దొరికింది. ఐ3-3110ఎంలో ఏఈఎస్ ఎన్ఐ అనే సౌకర్యం లేదు. డిస్కులోని సమాచారాన్ని తాళం వేసి దాచే లెక్కల కోసం చిప్‌లోనే ప్రత్యేకంగా పెట్టే భాగం అది. ఐ7లో ఉంది. నా బ్యాకప్ డిస్కులన్నీ అలా తాళం వేసినవే. ఆ తాళం వేగాన్ని కొలిచే క్రిప్ట్‌సెటప్ పరీక్షలో పాత చిప్ సెకనుకు 200 ఎంబీ లోపే చూపించింది, కొత్తది 1500 దాటింది. ఇన్నాళ్ళూ ఎస్ఎస్‌డీ నెమ్మది అనుకున్నాను, అడ్డుపడింది ప్రాసెసర్. యూట్యూబ్ వీడియోలు కూడా ఇప్పుడు సాఫీగా వస్తున్నాయి. ఈ తరం గ్రాఫిక్స్‌కి యూట్యూబ్ వాడే వీపీ9 రూపంలోని వీడియో విప్పడం రాదు కాబట్టి ఆ బరువంతా ప్రాసెసర్ మీదే పడుతుంది, మోయడానికి ఇప్పుడు నాలుగు కోర్లున్నాయి.

మారనివి కూడా చెప్పాలి. కంప్యూటర్ ఆన్ అయ్యే సమయం అంతే. ఉత్తరాలు చదవడం, రాయడం, బ్రౌజర్ తెరవడం, వీటిలో తేడా నాకు కనబడలేదు. గ్రాఫిక్స్ అదే హెచ్‌డీ 4000, ఆటలు ఆడేవాళ్ళకు పెద్ద లాభం లేదు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 జాబితా ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. మూడో తరం ఐ3ని మూడో తరం ఐ7 చేసినంత మాత్రాన ఆ జాబితాలోకి రాదు. కాబట్టి హార్డ్ డిస్కుతో, 4 జీబీ ర్యామ్‌తో నడుస్తున్న లాప్‌టాప్ అయితే ముందు ఎస్ఎస్‌డీ, తరువాత ర్యామ్, వాటితోపాటు దుమ్ము దులపడం. అవన్నీ అయ్యాక కూడా ప్రాసెసర్ గంటల తరబడి నూటికి నూరు శాతం నడిచే పని మీకుంటేనే ఈ మార్పు.

ఇదంతా చూసి చెల్లి తన లాప్‌టాప్ తెచ్చింది. "నాది కూడా మార్చిపెట్టు అన్నయ్యా." దానిది ఐ5-8250యూ. నాకన్నా ఎంతో కొత్తది, పలచనిది. మూత తీసి చూపించాను. సాకెట్ లేదు, స్క్రూ లేదు, చిప్ అడుగున 1356 సోల్డర్ గుండ్లు బోర్డుతో కరిగి కలిసిపోయి ఉన్నాయి. దాన్ని ఊడదీయాలంటే వేడిగాలి యంత్రం, కొత్త గుండ్లు సరిగ్గా అమర్చే అచ్చు, ఏళ్ళ అనుభవం కావాలి. అన్నీ ఉన్నా బయాస్ కొత్త చిప్‌ని ఒప్పుకుంటుందో లేదో. "అంటే నేను కొన్న రోజే దీని ఆయుష్షు రాసేశారా?" అంది. నాకు బాధేసింది. సాకెట్ తీసేస్తే కొన్ని మిల్లీమీటర్ల మందం తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, తయారీ ఖర్చు తగ్గుతుంది, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ మందం నేను సంతోషంగా మోసేవాణ్ణి. 2021 నుంచి ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ అమ్ముతున్న లాప్‌టాప్‌లలో చిప్ బోర్డుకి అతికే ఉన్నా, బోర్డు మొత్తం మార్చుకునే వీలుంది. తెర, కీబోర్డు, పెట్టె అవే ఉంచుకుని కొత్త తరం బోర్డు వేసుకోవచ్చు. ఇలాంటివి ఇంకా రావాలని మనసారా కోరుకుంటున్నాను. చెల్లి దానికి ఫ్యాన్ శుభ్రం చేసి, పేస్ట్ మార్చి, ఖాళీగా ఉన్న స్లాట్‌లో ఇంకో 8 జీబీ ర్యామ్ వేసి ఇచ్చాను. రెండు ర్యామ్‌లూ జతగా పనిచేయడంతో కొంచెం హుషారు వచ్చింది.

పాత ఐ3ని పారేయలేదు. పిన్నులు వంగకుండా స్టాటిక్ పట్టని నల్ల స్పాంజిలో గుచ్చి చిన్న డబ్బాలో పెట్టాను. నాన్న టేపుల మీద రాసినట్టే దాని మీదా తేదీ రాశారు.

ఇప్పుడు 27వ టేపు నడుస్తోంది. ఇందులో చెల్లి సైకిల్ నేర్చుకుంటోంది, నేను వెనక పట్టుకుని పరిగెత్తుతున్నాను. అంచుల మీద దువ్వెన పళ్ళు లేవు. కెమెరా వెనక నుంచి నాన్న గొంతు, "తొందరపడకురా, మెల్లగా వదులు" అంటోంది. నాన్న వచ్చి ఎంతవరకు వచ్చిందని అడిగారు. ఇంకో నలభై నిమిషాలు అన్నాను. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.